అప్పు వేరు, అప్పగింత వేరు



మన సంఘంలో ఒక సహోదరుడు కూరగాయలు వేసుకునే ట్రాలీ ఆటోను మొన్న వేసవిలో ఫైనాన్సు వాళ్లు పట్టుకుపోయారు. మూడు వాయిదాలు తప్పాయి. తలా కొంత వేసుకొని బాకీ కట్టాం, రసీదు తీసుకున్నాం. యార్డుకు వెళ్లి చూస్తే ముందు అద్దం పగిలి ఉంది. బ్యాటరీ లేదు. రెండు కొత్త టైర్లు పోయి అరిగినవి వచ్చాయి.

"బాకీ పడ్డవాళ్లం, ఏ మొహం పెట్టుకొని అడుగుతాం పాస్టరుగారూ? బండి వచ్చింది, అదే చాలు" అన్నాడు సహోదరుడు. ఈ మాట మన ఊళ్లో చాలా ఇళ్లలో వింటున్నాం. అందుకే ఇది రాస్తున్నాం.

ప్రియులారా, వాయిదా తప్పితే బాకీ కట్టాలి. అంతమాత్రాన మన వస్తువును పాడుచేసే హక్కు ఎవరికీ రాదు. నిర్గమకాండము 22వ అధ్యాయం చూడండి: కాపాడమని అప్పగించిన పశువు దొంగల పాలైతే, కాపాడవలసినవాడే నష్టం కట్టాలి. ద్వితీయోపదేశకాండము 24లో తిరగలిని తాకట్టు పట్టవద్దని ఉంది, అది ఇంటి బతుకు గనుక. ఆ సహోదరునికి ఆటోయే తిరగలి.

మన దేశ చట్టమూ ఇదే దారిలో ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ ప్రకారం, ఇతరుల వస్తువు తన దగ్గర ఉన్నవాడు దాన్ని వివేకం గలవాడు సొంత వస్తువును చూసుకున్నట్టే చూసుకోవాలి. జునాగఢ్‌లో కస్టమ్స్ వాళ్లు పట్టుకున్న రెండు లారీలు, ఒక స్టేషన్ వ్యాగన్ ఆలనాపాలనా లేక పాడైపోయాయి. తమకు బాధ్యత లేదన్న ప్రభుత్వ వాదనను 1967లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ప్రభుత్వానికే తప్పనిది కంపెనీకి తప్పుతుందా?

మేము చేసింది ఇంతే. బండి కదల్చకముందే యార్డులో ఫొటోలు తీశాం. అంతా సరిగా ముట్టిందన్న కాగితం మీద, లోపాలు రాయించాకే సంతకం పెట్టించాం. మెకానిక్ దగ్గర ఖర్చు అంచనా రాయించి, కంపెనీకి రిజిస్టర్ పోస్టులో పంపాం. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, రుసుము లేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కైతే 2 ఏళ్లలోపు వెళ్లాలి. బతుకుతెరువుకు సొంతంగా నడుపుకునే బండి గలవాడూ చట్టం దృష్టిలో వినియోగదారుడే.

అద్దానికి, బ్యాటరీకి డబ్బు ఇచ్చారు. టైర్ల సంగతి ఇంకా తేలలేదు, పాత టైర్లవి ఫొటోలు లేవు గనుక. కాబట్టి వాయిదాల మీద బండి ఉన్నవాళ్లు ఈ రోజే నాలుగు వైపులా ఫొటోలు తీసి పెట్టుకోండి, టైర్ల నంబర్లతో సహా.

మనం బాకీ కట్టడం న్యాయం. వాళ్లు నష్టం కట్టడమూ న్యాయమే. మొదటిది చేసినవాడు రెండోది అడగడానికి తల దించుకోనక్కరలేదు. ఇలాంటి కాగితాలు మీ ఇంట్లో ఉంటే ఆదివారం ఆరాధన అయ్యాక తీసుకురండి, కలిసి చదువుదాం.