కారు కొనేముందు అత్తగారితో లేపాక్షి ప్రయాణం

అనంతపురం నుంచి లేపాక్షి ఎంత దూరమండీ! వంద కిలోమీటర్ల పైచిలుకు, అంతే. పొద్దున్నే చిత్రాన్నం కట్టుకుని బయలుదేరితే దీపాలవేళకి ఇల్లు చేరుకోవచ్చు. అలాంటి ఊరికి మా అత్తగారు మూడేళ్లుగా వెళ్లలేదంటే నమ్మండి. కారణం గుడిమెట్లు కాదు, మా ఇంట్లోని చిన్నకారు. అది నేలకి ఆనుకున్నట్టు ఉంటుంది. ఆమెకి డెబ్బై ఆరేళ్లు, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. అందులో కూర్చోవాలంటే బావిలోకి దిగినట్టు దిగాలి, లేవాలంటే ఇద్దరం చెరో చెయ్యీ పట్టుకుని లాగాలి. "నన్నెందుకమ్మా ఈడ్చుకుపోతారు, మీరు పోయి రాండి" అనడం అలవాటు చేసుకున్నారు. పెళ్లిళ్లూ మానేశారు, సొంత చెల్లెలి ఇంటికి వెళ్లడమూ మానేశారు.

అందుకే పాతస్థలం అమ్మిన డబ్బులో కొంత తీసి, ఎత్తుగా ఉండే బండి కొందామన్నారు మావారు. ఇప్పుడు ఏ వీధిలో చూసినా అవేగా! ఎస్‌యూవీ అంటారు, క్రాసోవర్ అంటారు. నాకు అర్థమైనంతలో చెబుతాను. బొలెరో, స్కార్పియో లాంటి జీపు జాతి బండ్లకి కింద ఇనుపచట్రం విడిగా ఉంటుంది, దానిమీద పైడొప్ప కూర్చోబెడతారు. బరువులకీ, గుట్టదారులకీ అవే గట్టి. క్రాసోవర్‌కి చట్రమూ డొప్పా ఒకటే, మామూలు కారు మాదిరి. కాకపోతే కారుకంటే ఎత్తుగా నిలబడుతుంది. క్రెటా, సెల్టోస్, నెక్సాన్, బ్రెజా అన్నీ ఈ కోవలోవే. చూడడానికి జీపులా ఉన్నాయి కదా అని నాలుగు చక్రాలూ లాగుతాయనుకునేరు! వీటిలో చాలామటుకు ముందు చక్రాలే లాగుతాయి.

రెండు షోరూములు తిరిగాం. చల్లటి గదిలో, తళతళలాడే లైట్ల కింద ప్రతి బండీ పెళ్లికూతురే! చీరైనా అంతే కదూ, దుకాణంలో చూసిన రంగు వాకిట్లోకొస్తే వేరుగా ఉంటుంది. అందుకని నేనో మాట అన్నాను. మా మరిదిది నాలుగు మీటర్లు దాటిన పెద్దబండి, నల్లరంగు. మా అక్క కొడుకుది నాలుగు మీటర్ల లోపల ఉండే చిన్నబండి, తెల్లరంగు. రెండూ తీసుకుని ఒకరోజు లేపాక్షి వెళదాం, అత్తగారిని రెండింటిలోనూ కూర్చోబెట్టి చూద్దాం అని. అందరూ సరేనన్నారు. వాళ్ల బండ్ల పేర్లు ఇక్కడ ఎందుకు లెండి.

మార్చి నెల, అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. పోయేటప్పుడు పెనుకొండ దాకా అత్తగారు పెద్దబండిలో. నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి నున్నగా ఉంటుంది. రాప్తాడు దాటాం, చెన్నేకొత్తపల్లి దాటాం. పెనుకొండకి ముందే ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ కనబడుతుంది. 2017లో ఒప్పందం జరిగింది, 2019లో మొదటి సెల్టోస్ అక్కడినుంచే బయటికొచ్చింది. ఏడాదికి మూడు లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ అట! శెనక్కాయ చేలు తప్ప మరోటి తెలియని మా అత్తగారు అద్దంలోంచి చూసి, "ఈ నేలలో కార్లు పండుతాయని ఎవరనుకున్నారు" అన్నారు. అనంతపురం జిల్లా అని పిలుచుకున్న ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ నుంచి శ్రీసత్యసాయి జిల్లా అయింది.

పెనుకొండలో చెట్టు కింద ఆపి చిత్రాన్నం, వడియాలు, మజ్జిగ ముగించాం. విజయనగర రాజులు తళ్లికోట యుద్ధం తర్వాత రాజధాని చేసుకున్న ఊరిది. గగన్‌మహల్ ఇంకా నిలబడే ఉంది. అక్కడ అత్తగారిని చిన్నబండిలోకి మార్చాం. నేను సంచిలో కుట్టుటేపు పెట్టుకుని వెళ్లాను, అందరూ నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ, అసలు కొలత టేపుతో కాదు, మనిషితో అని అక్కడే తెలిసింది. మోకాళ్లు అరిగినవాళ్లకి సీటు తమ తొడ ఎత్తుకి సమంగా ఉండాలి. వంగకుండా, ఎక్కకుండా, పక్కకి జరిగి కూర్చునేలా ఉండాలి. మా అత్తగారు పొట్టిమనిషి. జీపు జాతి బండి అయితే ఆమెకి పీట వేయాల్సిందే. రెండు క్రాసోవర్లలోనూ పీట అవసరం రాలేదు. కానీ చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. తలుపు ఎంత వెడల్పుగా తెరుచుకుంటుంది, తలుపు దగ్గర గడప ఎంత వెడల్పు, పైన పట్టుకోవడానికి పిడి ఉందా? గడప వెడల్పుగా ఉంటే కాలు దాటించడం కష్టం, చీర కుచ్చెళ్లకి మన్ను కూడా అంటుకుంటుంది. ఈ మూడూ ఏ కాగితంలోనూ రాయరు. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లని షోరూముకి తీసుకెళ్లి, ఎక్కించి దించి మరీ చూడండి.

సోమందేపల్లి, హిందూపురం మీదుగా వెళ్లాం. హైవే వదిలాక దారి ఇరుకు, అక్కడక్కడా గతుకులు. పెద్దబండికి వెడల్పు సీటు, వెనక ముగ్గురం భుజాలు తగలకుండా కూర్చున్నాం. చిన్నబండిలో ముగ్గురం కాస్త ఒదిగి కూర్చోవాల్సి వచ్చింది, ఇద్దరికైతే హాయి. చక్రం ఎంత పెద్దదైతే అంత గొప్ప అనుకుంటారు మగపిల్లలు. పెద్ద చక్రానికి రబ్బరు మందం తక్కువగా ఉంటే గతుకు నేరుగా నడుముకి తెలుస్తుంది సుమా! ఇంట్లో నడుమునొప్పి వాళ్లుంటే ఆ మెరుపు చక్రాల పైరకానికి డబ్బు పోయక్కర్లేదు.

లేపాక్షి గురించి కొత్తగా చెప్పేదేముంది! కూర్మశైలమనే తాబేలు ఆకారపు బండమీద కట్టిన వీరభద్రస్వామి గుడి. విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు అచ్యుతరాయల కాలంలో కట్టించారు. వేలాడే స్తంభం కింద నుంచి అందరూ గుడ్డలు దూరుస్తుంటే మా అత్తగారు కూడా కొంగు దూర్చి, ముచ్చటపడి మళ్లీ దూర్చారు. పై కప్పుమీది రంగుల బొమ్మల్లో ఆడవాళ్ల చీరలు చూడండి, ఒక్కొక్క అంచు ఒక్కొక్క తీరు! లతామండపం స్తంభాల మీద చెక్కిన లతలే తర్వాత చీర అంచులయ్యాయి. నేను అక్కడే అరగంట నిలబడిపోయాను, మావారు పిలిచినా వినలేదు. పదిహేను అడుగుల ఎత్తు, ఇరవై ఏడు అడుగుల పొడవు, ఒకటే రాయి నంది దగ్గరికి మాత్రం అత్తగారు వాకరు పట్టుకుని సొంతంగా నడిచారు.

రంగుల సంగతి తేలింది అక్కడే. రెండు బండ్లూ నీడలేని చోట పక్కపక్కనే రెండు గంటలు నిలబెట్టాం. తిరిగొచ్చి నల్లబండి తలుపు తీస్తే పొయ్యి మూత తీసినట్టే! పిడి పట్టుకుంటే చెయ్యి కాలింది. తెల్లబండిలోనూ వేడి ఉంది గానీ ఓర్చుకోగలిగింది. నల్లది వేడిని పీల్చుకుంటుంది, తెల్లది తిప్పికొడుతుంది. ఎండాకాలంలో నల్లగొడుగు, తెల్లగొడుగు పట్టుకుని చూసినవాళ్లకి వేరే చెప్పాలా! పైగా నల్లబండి మీద ఎర్రదుమ్ము పసుపు చల్లినట్టు కనబడుతోంది. మా బోరునీళ్లు ఉప్పునీళ్లు, కడిగి తుడవకపోతే తెల్లమచ్చలు కడతాయి. నల్లమీద అవి ఇంకా కొట్టొచ్చినట్టు ఉంటాయి, గట్టిగా తుడిస్తే సన్నగీతలు పడతాయి. కొత్తలో రాజాలా ఉండే రంగే, కాదనను. పొద్దున్నే రోజూ మెత్తటిగుడ్డతో ఒళ్లు తుడిచేవాళ్లుంటే తీసుకోండి.

తెలుపుకీ లోపం లేకపోలేదు, వానాకాలంలో బురద చిందితే బాగా తెలుస్తుంది. దుమ్ముని దాచే రంగంటే వెండిరంగు, లేత బూడిదరంగు. ముత్యపుతెలుపు అని ఒకటుంది, దానికి కొన్ని కంపెనీలు విడిగా డబ్బు తీసుకుంటాయి. ఎక్కడైనా గీసుకుపోతే ఆ మెరుపుని కలిపి వేయడం మామూలు తెలుపంత సులువు కాదు. ఎరుపు ముద్దుగా ఉంటుంది గానీ ఏళ్లతరబడి ఎండలో నిలబడితే వెలిసిపోతుందన్న భయం. పై కప్పు ఒక రంగు, ఒళ్లు ఒక రంగు వేసేవి కూడా వస్తున్నాయి. అలాంటిది తీసుకుంటే కప్పు తెల్లగా ఉండేది చూసుకోండి, ఎండ పడేది దానిమీదే.

లోపలి రంగు కూడా అడగండి. లేతగోధుమ రంగు సీట్లు చూసి మా అమ్మాయి మురిసిపోయింది. పులిహోర డబ్బా ఒక్కసారి ఒలికితే పసుపుమరక ఎవరు వదిలిస్తారు?

ఇక సదుపాయాలు. పిల్లలందరికీ పై కప్పులో కిటికీ కావాలి. మన ఎండలకి దాని తెర మూసే ఉంచుతాం, తెరిస్తే పిల్లలు తల బయటపెట్టి నిలబడతారు, ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. దానికి పోసే డబ్బుతో వెనక సీటుకి ఏసీ గాలి వచ్చే రంధ్రాలు, వెనక కెమెరా ఉన్న రకం చూసుకోవచ్చు. సీటులోంచి చల్లగాలి వచ్చే ఏర్పాటు కూడా ఉంది, చాలా బండ్లలో ముందు సీట్లకే. మా సందులో గేటు తిప్పడానికి కెమెరా లేకపోతే గోడ గోకకుండా రాలేం.

సామాను స్థలం కంపెనీల లెక్క ప్రకారం క్రెటాలో 433 లీటర్లు, నెక్సాన్‌లో 382, బ్రెజాలో 328. నేల నుంచి ఎత్తు నెక్సాన్‌కి 208 మిల్లీమీటర్లు, బ్రెజాకి 198, క్రెటాకి 190. లీటర్లు చూసి మోసపోకండి. డిక్కీ అంచు ఎత్తుగా ఉంటే బియ్యంమూట నడుందాకా ఎత్తి లోపలికి వేయాలి. మడిచిన వాకరు అడ్డంగా పడుతుందో లేదో వేసి చూడండి. గ్యాస్‌తో నడిచే రకాల్లో సిలిండరుకి ఎంత చోటు పోతుందో కూడా అడగండి.

భద్రత మాట ముందు చెప్పాల్సింది నిజానికి. ఢీకొట్టించి నక్షత్రాలు ఇచ్చే పరీక్షలు మన దేశంలో భారత్ ఎన్‌క్యాప్ పేరుతో 2023 అక్టోబరు నుంచి మొదలయ్యాయి. అంతకుముందే 2018లో గ్లోబల్ ఎన్‌క్యాప్ నెక్సాన్‌కి అయిదు నక్షత్రాలిచ్చింది, మన దేశపు కార్లలో అదే మొదటిది. 2020లో పరీక్షించిన సెల్టోస్‌కి మూడొచ్చాయి, తర్వాత దానిలో ఆరు ఎయిర్‌బ్యాగులు పెట్టారు. కాబట్టి పేరు చూసి కాదు, మీరు కొనే ఏడాది మోడల్‌కి ఎన్ని నక్షత్రాలో అడగండి. ఎన్ని ఉన్నా వెనక కూర్చున్న మనం కొత్తచీర నలుగుతుందని బెల్టు పెట్టుకోకపోతే ఏం లాభం! ఆరోజు అత్తగారికి నేనే పెట్టాను, "ఇదేందమ్మా మొలతాడు" అన్నారు.

డబ్బు దగ్గర పెద్దబండికీ చిన్నబండికీ తేడా చాలా ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటని కార్లకి జీఎస్టీ 18 శాతం. అవి దాటితే 40 శాతం. షోరూము ధర, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు కలిపి చేతికొచ్చే ధర రాయించుకోండి. ఒక షోరూములో అడగకుండానే సీటుకవర్లు, పైపూత, మ్యాట్లు అన్నీ చేర్చి చీటీ ఇచ్చారు. గీత పెట్టి కొట్టేయించాను. అబ్బాయి మొహం చిన్నబుచ్చుకున్నాడు గానీ చీటీలో ఇరవై రెండు వేలు తగ్గాయి.

ఇంట్లో రెండురోజులు మాటలు నడిచాయి. మావారికీ మా అబ్బాయికీ పెద్దదే కావాలి, నల్లదే కావాలి. నేను ఒకటే అడిగాను, మనలో వెనక సీటులో ఎప్పుడూ కూర్చునేది ఎవరు అని. నలుగురం ఉండే ఇంటికి అయిదుగురు ఎక్కే రోజు ఏడాదికి ఎన్నిసార్లు? చివరికి చిన్నదే, తెల్లదే, పైకిటికీ లేనిదే, వెనక ఏసీ ఉన్నదే రాయించాం. మిగిలిన డబ్బు అత్తగారి మోకాలి ఆపరేషను పేరుమీద బ్యాంకులో వేశారు మావారు. బండి వచ్చే నెల ఇస్తామన్నారు. సీట్లకి ముదురునీలం నూలుగుడ్డ కొని కవర్లు నేనే కుడుతున్నాను, ఉతుక్కునేలా వెనక నాడాలు పెట్టి. అత్తగారేమో, "ముందు కదిరికి, తర్వాత మా చెల్లెలింటికి" అని ఊళ్లు వరుసగా చెప్పి మా అమ్మాయిచేత కాగితం మీద రాయించుకున్నారు.