తిరగని ఫ్యాన్ల పొదుపు

మొన్న ఆదివారం మా బావమరిది అడిక్‌మెట్‌లోని మా ఇంటికొచ్చాడు. ఇక్కడికి దగ్గర్లోనే ఓ కాలేజీలో లెక్చరర్ (కాలేజీ పేరెందుకు లెండి). రాగానే కాగితాల కట్టొకటి చేతిలో పెట్టి, "బావా, నువ్వు ఎక్సెల్ మనిషివి కదా, ఇదోసారి చూడు. కమిటీలో నేనూ సంతకం పెట్టాలి. కాలేజీ ఒక్క పైసా పెట్టక్కర్లేదట" అన్నాడు.

ఆ మాట వింటే నాకు వెంటనే జేబు తడుముకోవడం అలవాటు :)

సంగతేంటంటే, ఒక కంపెనీ పాత ఫ్యాన్లు తీసేసి కొత్తవి పెడుతుంది. ఖర్చు దానిదే. బిల్లు ఇంత తగ్గుతుందని గ్యారంటీ ఇస్తుంది. ఆ తగ్గిన డబ్బులోంచి కాలేజీ ఏటా దానికి కట్టాలి. ఆలోచన పాతదే. జేమ్స్ వాట్, బోల్టన్ కలిసి తమ ఆవిరి యంత్రం వాడే గనుల వాళ్ళ దగ్గర, పాత న్యూకొమెన్ యంత్రంతో పోలిస్తే ఆదా అయిన బొగ్గు ఖరీదులో మూడో వంతు రాయల్టీగా తీసుకునేవారు. మన దగ్గర 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖ వీధి దీపాల్ని ఈఈఎస్‌ఎల్ ఎల్‌ఈడీలుగా మార్చిందీ ఈ పద్ధతిలోనే. అంచేత పద్ధతిలో మోసమేం లేదు.

ఇక లెక్క. పాత ఫ్యాను 75 వాట్లు, కొత్త బీఎల్‌డీసీ ఫ్యాను 30. 200 ఫ్యాన్లు, రోజుకి 8 గంటలు, ఏడాదికి 220 రోజులు. మిగిలేది 15,840 యూనిట్లు. యూనిట్ 9 రూపాయలనుకుంటే లక్షా నలభై రెండు వేల పైచిలుకు. ఫ్యాను 3,000 చొప్పున ఆరు లక్షల పెట్టుబడి నాలుగేళ్ళ చిల్లరలో తిరిగొస్తుంది. భేషుగ్గా ఉంది.

"ఇంతకీ 200 ఫ్యాన్లూ తిరుగుతున్నాయా?" అనడిగాను.

నవ్వాడు. "ఓ అరవై దాకా తిరగవు బావా. పిల్లలు మే నెల పరీక్షలు రాసేది ఆ గదుల్లోనే."

అదీ అసలు సంగతి! తిరిగే 140 పాత ఫ్యాన్లు లాగేది పదిన్నర కిలోవాట్లు. కొత్తవి 200 తిరిగితే 6. అంటే తగ్గేది నాలుగున్నర, కాగితం మీద ఉన్నదాంట్లో సరిగ్గా సగం. మరి గ్యారంటీ ఉందిగా? ఒప్పందంలో పొదుపు అంటే ఫ్యాన్ల సంఖ్యని వాట్లతో, గంటలతో గుణించిన అంకె. మీటరు ఊసే లేదు. కాబట్టి గ్యారంటీ ఎప్పుడూ నెగ్గుతుంది, కాలేజీ మాత్రం ఏటా డెబ్భై వేలు చేతినుంచి వేసుకోవాలి.

ప్రొఫైలింగ్ చెయ్యకుండా "కోడు రెండింతలు వేగం చేస్తా" అనేవాణ్ణి మనం నమ్ముతామా? ఇదీ అంతే. ముందున్న స్థితిని ఇద్దరూ కలిసి లెక్కపెట్టి సంతకాలు చెయ్యాలి. తర్వాత మీటరు పెట్టి కొలవాలి.

"అయితే వద్దని చెప్పనా?" అన్నాడు.

వద్దని కాదు. ఆ అరవై ఫ్యాన్లు పొదుపు కాదు, కాలేజీ ఎప్పట్నుంచో పిల్లలకి పడ్డ బాకీ. మన భాషలో టెక్నికల్ డెట్. ఆ బాకీ కాలేజీ తన డబ్బుతోనే తీర్చాలి, పొదుపు ఖాతాలో రాయకూడదు. అప్పుడు మిగతా 140కి ఒప్పందం హాయిగా నిలబడుతుంది. బిల్లు తక్కువొస్తోందని ఇన్నాళ్ళూ మురిసిపోయిన ఆఫీసుకి, అందులో కొంత పిల్లల చెమట అని ఎవరో ఒకరు చెప్పాలి కదా.

సోమవారం గది గదికీ వెళ్ళి స్విచ్చులు వేసి లెక్కపెట్టమన్నాను. సంతకం ఆ తర్వాతే.