పంపంటే భయం, సెంటంటే ప్రాణం

"పంపు అలవాటైపోతుందేమో సార్?"

ఈ మాట చెవినపడకుండా నా ఓపీ ముగిసిన రోజు గుర్తులేదు. అడిగే తల్లి దగ్గర మల్లెపూల సెంటు గుప్పుమంటూ ఉంటుంది. పక్కన కూర్చున్న బాబు యూనిఫామ్ నిండా బాడీ స్ప్రే. తండ్రి ఆఫ్టర్‌షేవ్ సంగతి ఆయన తలుపు తీయకముందే మా రిసెప్షన్ అమ్మాయి తుమ్ముతూ తెలియజేస్తుంది. వీటిలో ఏదీ అలవాటైపోతుందని ఎవరికీ బెంగలేదు. పంపులోంచి పొద్దునా రాత్రీ పీల్చే ఉబ్బసం మందు, అదీ మైక్రోగ్రాముల్లో కొలిచేది, అది మాత్రం పిల్లాణ్ణి జన్మంతా పట్టి పీడిస్తుందట!

మంచి వాసన వచ్చేదేదీ చెడు చెయ్యదని మనవాళ్ల నమ్మకం. డబ్బాలోంచి బుస్సుమని వచ్చే మందు ఇక వేరే దారి లేనివాళ్లకు ఇచ్చేదని ఇంకో నమ్మకం. ఈ రెండింటి మధ్యా పిల్లల ఊపిరితిత్తులు నలుగుతున్నాయి.

కాస్త రోగం సంగతి చెబుతాను, విసుక్కోకండి. ఉబ్బసం ఉన్న పిల్లల ఊపిరి గొట్టాల లోపలి పొర ఎప్పుడూ ఎంతో కొంత వాచే ఉంటుంది. దగ్గు లేని రోజున కూడా, పిల్లికూతలు వినబడని రోజున కూడా. ఆ వాపును అణిచిపెట్టేది రోజూ వాడే పంపు, బుడెసొనైడ్ లాంటిది. ఆయాసం వచ్చినప్పుడు బిగుసుకున్న గొట్టాలను వదులు చేసేది ఇంకోటి, సాల్బ్యుటమాల్. మొదటిది అటకెక్కించి రెండోదానితో నెట్టుకొచ్చేవాళ్లు కోకొల్లలు. ఆస్తమా వైద్యానికి ప్రపంచమంతా చూసుకునే గినా మార్గదర్శకాలు, పన్నెండేళ్లు వచ్చినవాళ్లకు సాల్బ్యుటమాల్ ఒక్కదానితోనే వైద్యం వద్దని 2019లోనే చెప్పేశాయి. మా వీధి చివర మందుల షాపులో మాత్రం చీటీ లేకుండా అడగ్గానే అదే చేతిలో పెడతారు.

మరి వాసన ఎక్కడ దూరుతుంది? గుంటూరువాళ్లకు ఇది చెప్పడం తేలిక. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మిర్చి యార్డు పక్కగా బండి మీద వెళ్తే ముక్కు కారుతుంది, గొంతు గరగరలాడుతుంది, దగ్గొస్తుంది. అది అలర్జీ కాదు, ఘాటు. మిరపలోని క్యాప్సైసిన్ తగలగానే నరాల చివర ఉండే ఒక రిసెప్టర్ గగ్గోలు పెడుతుంది. దాన్ని పట్టుకున్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ కూడా వచ్చింది. ఆ కుటుంబానిదే ఇంకో రిసెప్టర్ పొగకూ, ఫార్మాల్డిహైడ్‌కూ, ఘాటైన రసాయనాలకూ ఉలిక్కిపడుతుంది. మామూలు పిల్లాడు రెండు దగ్గులు దగ్గి ఆటకు పోతాడు. లోపల వాపున్న పిల్లాడు డొక్కలెగరేస్తూ నా దగ్గరికొస్తాడు. "అలర్జీ టెస్టు చేయించాం సార్, సెంటు పేరు అందులో లేదు" అని నాలుగు పేజీల రిపోర్టు నా ముందు ఊపేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. ఆ టెస్టు వెతికేది వేరే దొంగని.

సెంటుకు అసలైన అలర్జీ రాదా అంటే, వస్తుంది, చర్మానికి. చంకల్లో ఎర్రగా రేగిందని ఒక తొమ్మిదో తరగతి కుర్రాడు వచ్చాడు. తామర అనుకుని మందుల షాపువాడు ఇచ్చిన ట్యూబు పూసి పూసి, దానిమీద మళ్లీ అదే బాడీ స్ప్రే కొట్టుకుంటున్నాడు. ఐరోపాలో ఇలాంటి అలర్జీ తెచ్చే సుగంధ పదార్థాలు 26 ఉంటే, వాటి పేర్లు లేబుల్ మీద వేయాలని చాలాకాలం కిందటే నిబంధన పెట్టారు. 2023లో ఆ జాబితాను ఎనభై దాటించారు. మన సీసాల్లో చాలావాటి మీద "పర్‌ఫ్యూమ్" అనే ఒక్క మాటతో సరి. కుర్రాడికి స్ప్రే మానమన్నాను, తగ్గింది. మానమన్నందుకు నా మీద అలిగాడు కూడా.

ఇక ఇళ్ల సంగతి. చంటిపిల్లకు తలంటి, బుట్ట కింద సాంబ్రాణి పొగ వేసే అమ్మమ్మలతో నేను వాదించి గెలిచింది తక్కువ. "వీళ్ల నాన్ననీ ఈ పొగలోనే పెంచాను నాయనా, వాడేమైనా చచ్చాడా?" అని ఒకావిడ నన్ను నిలదీసింది. ఆ నాన్న పక్కనే నిలబడి దగ్గుతున్నాడు. ఆవిడ చేతుల్లో ఆ పసిపిల్ల ఎంత నిశ్చింతగా నిద్రపోతోందో చూశాక నాకు గట్టిగా మాట్లాడబుద్ధి కాలేదు. "నూనె రాయండి, నీళ్లు పొయ్యండి, పాట పాడండి, పొగ ఒక్కటీ వద్దు" అన్నాను. తలూపింది. వింటుందన్న భరోసా నాకేం లేదు.

"మా ఇంట్లో ఎవరూ సిగరెట్ ముట్టరండీ" అని గర్వంగా చెప్పే తండ్రులు రాత్రి తలుపులు బిగించి దోమల కాయిల్ వెలిగిస్తారు. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నటి నుసి 75 నుంచి 137 సిగరెట్లకు సమానమని 2003లో అచ్చైన ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఈ అంకె చెప్పగానే ఆ తండ్రి మొహం చూడాలి. మర్నాడు కాయిల్ మానేస్తాడు. దాంతోపాటు పంపు కూడా మానేస్తాడు, "కారణం దొరికింది కదండీ" అని!

నన్ను నవ్వించే, ఏడిపించే విషయం ఇంకోటుంది. అసలు ఈ పంపు పుట్టిందే సెంటు సీసాలోంచి. 1955లో అమెరికాలో రైకర్ ల్యాబొరేటరీస్‌ను నడిపిన జార్జ్ మైసన్‌కు ఉబ్బసంతో బాధపడే పదమూడేళ్ల కూతురుండేది. అప్పట్లో మందును గాజు నెబ్యులైజర్‌లో పోసి రబ్బరు బుడగ నొక్కుతూ పీల్చాలి. హెయిర్ స్ప్రేలాగా నా మందునూ డబ్బాలో ఎందుకు పెట్టరు అని ఆ పిల్ల అడిగింది. కంపెనీవాళ్లు పర్‌ఫ్యూమ్ కోసం తయారైన, నొక్కిన ప్రతిసారీ ఒకే కొలత వదిలే వాల్వును తెచ్చి మందు సీసాకు బిగించారు. 1956లో అది బజారుకొచ్చింది. స్ప్రే అదే, వాల్వు అదే, బుస్సుమనే శబ్దమూ అదే. చొక్కా మీద కొట్టుకుంటే ముచ్చట, నోట్లో కొట్టుకుంటే నామర్దా.

మృగశిర కార్తె వస్తుందనగా మా ఓపీ పలచబడుతుంది. హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదానికి బండ్లు కట్టుకుని పోతారు. కొరమీను పిల్ల మింగితే ఉబ్బసం పోతుందనే నమ్మకంతో నాకు పేచీ లేదు, మింగనివ్వండి. "చేప వేయించాం కాబట్టి పంపు ఆపేశాం" అన్నప్పుడే పేచీ. వానలు పడ్డాక, జులైలో, అదే పిల్లలకు మా నర్సులు వరసగా ఆవిరి పెడుతుంటారు.

ఒక బాబు గురించి రాయకుండా ఉండలేను. పదేళ్లవాడు, చురుకైనవాడు, పంపుకు తగిలించే స్పేసర్‌లో ఊదుతూ నాకు విజిల్ వేసి చూపించేవాడు. బాగా కుదుటపడ్డాడు. కుదుటపడటమే కొంప ముంచింది. చుట్టాల గృహప్రవేశానికి వెళ్లారు. కొత్త రంగుల వాసన వదలని అపార్ట్‌మెంట్, మూసిన కిటికీలు, మధ్యలో హోమం, దానిపైన సాంబ్రాణి. రాత్రికి ఆయాసం. ఊళ్లో ఆర్‌ఎంపీ ఒక డెరిఫిలిన్ ఇంజెక్షన్ ఇచ్చాడు, రెండు గంటలకు ఇంకోటి. మా దగ్గరికి తెచ్చేసరికి పిల్లికూతలు ఆగిపోయాయి. కూతలు ఆగాయని వాళ్లు కాస్త తేరుకున్నారట. గాలి ఆడితేనే కదా కూత! బాబు దక్కలేదు.

తండ్రి చొక్కా జేబులోంచి పంపు తీసి నా బల్ల మీద పెట్టాడు. నేను రాసిచ్చిందే, 120 మోతాదులది. వెనక చిన్న కిటికీలో అంకె 113 దగ్గర ఆగి ఉంది. నేనేమీ అనలేదు. ఆయనే అన్నాడు, "తగ్గింది కదా సార్, అందుకని..."

ఆ హోమాన్ని తిట్టుకుంటూ కూర్చుంటే లాభంలేదు. 113 కాకుండా అక్కడ ముప్ఫయ్యో నలభయ్యో ఉండి ఉంటే, ఆ పొగకు బాబు దగ్గేవాడు, బాల్కనీలోకి వెళ్లేవాడు, రెండు పీల్పులు పీల్చి వచ్చి బూరెలు తినేవాడు. చాలామంది పిల్లల విషయంలో జరిగేది అదే.

బళ్లలో సెంటు వద్దనే నియమాలను సమర్థిస్తూనే నేను కొంచెం వెనకాడటానికి కారణం ఇది. కెనడాలో హాలిఫాక్స్ నగరం ఈ నియమాలకు పేరుమోసింది. 1990ల నుంచీ అక్కడి ఆస్పత్రులూ బళ్లూ గ్రంథాలయాలూ సెంటు పూసుకుని రావద్దని బోర్డులు పెడుతూ వచ్చాయి. 2000లో ఆ ప్రాంతంలోని ఒక హైస్కూల్లో తలకు జెల్, ఒంటికి డియోడరెంట్ పూసుకొచ్చిన కుర్రాడి మీద టీచరు ఏకంగా పోలీసులకు ఫిర్యాదు చేసింది; కేసు మాత్రం పెట్టలేదు. 2015లో ఆ దేశపు వైద్య పత్రికే ఆస్పత్రుల్లో కృత్రిమ సువాసనలకు చోటులేదని సంపాదకీయం రాసింది. ఆస్పత్రి వరకూ నాదీ అదే మాట. మా అక్క కూతురు కెనడాలోనే ఉంటోంది. పాప బడి నుంచి అలాంటి ఉత్తరం రాగానే కంగారుగా ఫోన్ చేసింది, "మావయ్యా, పాప కోటుకి పోపు వాసన పట్టింది, అదీ లెక్కలోకొస్తుందా?" అని. రాదమ్మా అన్నాను. అన్నానే గానీ, పక్క సీటు పిల్ల ముక్కు మూసుకుంటే అది ఊపిరి ఇబ్బందో మరో ఇబ్బందో తేల్చే పరీక్ష నా దగ్గర లేదు.

మనసూ దీనిలో వేలు పెడుతుంది. ఫిలడెల్ఫియాలోని మొనెల్ సెంటర్‌వాళ్లు 2014లో ఒక ప్రయోగం అచ్చువేశారు. ఆస్తమా ఉన్నవాళ్లందరికీ ఒకే గులాబీ వాసన చూపించి, కొందరికి ఇది మంచిదన్నారు, కొందరికి ఊపిరికి చేటన్నారు. చేటని విన్నవాళ్ల గొట్టాల్లో వాపు నిజంగానే పెరిగింది, మర్నాటిదాకా ఉంది. అందుకని అదంతా భ్రమ అనకండి, వాపు నిజం వాపే. కాకపోతే పిల్లల ముందు ప్రతి వాసననూ విషమని బెదరగొట్టే తల్లులు కొంచెం తగ్గాలి.

మా ఊళ్లో సెంటు వద్దనే నియమం ఎలా అమలైందో చెబుతాను. ఏడో తరగతి పాప, ఏసీ స్కూలు బస్సు దిగేసరికి దగ్గు. బస్సు అద్దాలు బిగించి ఉంటాయి, డ్రైవర్ ముందు నిమ్మ వాసన ఫ్రెష్‌నర్ వేలాడుతుంటుంది. నిమ్మ వాసననిచ్చే లిమొనీన్ గాలిలోని ఓజోన్‌తో కలిస్తే ఫార్మాల్డిహైడ్ పుడుతుంది. లెటర్‌హెడ్ మీద స్కూలుకు రాసిచ్చాను: బస్సులో ఆ ఫ్రెష్‌నర్ తీసెయ్యండి, పీటీ పీరియడ్ తర్వాత క్లాసులో స్ప్రేలు కొట్టనివ్వకండి, ఫినాయిల్ పిల్లలు ఇంటికెళ్లాక పెట్టండి, పాప పంపు పాప బ్యాగులోనే ఉండనివ్వండి.

వారానికి సర్క్యులర్ వచ్చింది. "ఒక విద్యార్థిని ఆరోగ్యం దృష్ట్యా బాలికలు మల్లెలు, కనకాంబరాలు ధరించి రారాదు." ఎవరా విద్యార్థిని అని వెతుక్కోవడానికి తోటిపిల్లలకు ఇంటర్వెల్ దాకా కూడా పట్టలేదు. వార్షికోత్సవం ముందు కదా, పాపతో మాటలు మానేశారు. పాపం కనకాంబరాలు! వాసనే లేని పువ్వు అది. బస్సులో నిమ్మకాయ ఊగుతూనే ఉంది. మగపిల్లల స్ప్రేల ఊసే లేదు.

హెడ్‌మిస్ట్రెస్‌కు ఫోన్ చేశాను. మంచావిడే. పూల మాట వెనక్కి తీసుకుంటామన్నారు, డ్రైవర్‌తో మాట్లాడతామన్నారు. "పంపు విషయమే కుదరదండీ డాక్టర్ గారూ, మందులు పిల్లల చేతికివ్వకూడదు, ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేస్తాం" అన్నారు. తాళంచెవి ఎవరి దగ్గరుంటుందన్నాను. "గుమాస్తా గారి దగ్గర." ఆయన సెలవు పెడితే? అవతల్నుంచి జవాబు లేదు. అరగంట వాదించి, ఇంకో ఉత్తరం రాసి, సంతకం పెట్టి, స్టాంపు వేసి, చివరికి పంపు బ్యాగులో ఉండేట్టు ఒప్పించాను.

నెల తర్వాత పాప మళ్లీ దగ్గుతూ వచ్చింది. ఏదమ్మా పంపు, తియ్యి అన్నాను. బ్యాగులో పుస్తకాలున్నాయి, టిఫిన్ డబ్బా ఉంది, పంపు లేదు. తల్లి వైపు చూశాను.

"నేనే తీసి ఇంట్లో పెట్టానండీ" అందావిడ గొంతు తగ్గించి. "ఆడపిల్ల కదా సార్, నలుగురూ చూస్తే రేపు సంబంధాలకు ఇబ్బందని..."

పాపకి పన్నెండేళ్లు. నా లెటర్‌హెడ్ మళ్లీ బయటికి తీశాను, ఈసారి తల్లికి రాయడానికి.