గోల్‌బజార్‌లో అరగుండు

ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో టీ దుకాణం ముందు బల్ల మీద కూర్చున్నవారికి విషయాల కరువు ఎన్నడూ ఉండదు. దశాబ్దాల తరబడి కాంగ్రెస్ నాయకుడు జ్ఞాన్‌సింగ్ సోహన్‌పాల్‌ను శాసనసభకు పంపిన నియోజకవర్గం ఇది. 2016లో బీజేపీ నేత దిలీప్ ఘోష్‌ను గెలిపించింది. ఆయన లోక్‌సభకు వెళ్లాక 2019 ఉప ఎన్నికలో తృణమూల్‌ను ఆదరించింది. 2021లో బీజేపీ టికెట్‌పై నిలిచిన బెంగాలీ సినిమా కథానాయకుడు హిరణ్ ఛటర్జీకి పట్టం కట్టింది. ఇంతటి చంచల స్వభావం ఉన్న ఊరిలో రాజకీయం ఒక్కటే నెలల కొద్దీ కాలక్షేపానికి సరిపోతుంది. అయినా ఆ బల్ల మీద నలుగురు తెలుగువాళ్లు చేరితే వాదన చివరికి చేరేది వేరే చోటికి. బ్రహ్మానందం వేసిన వేషాల్లో మేటి ఏది?

వాదించేవారిలో పెద్దాయన రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా పనిచేసి పదవీ విరమణ పొందారు. ఆయన కొడుకు అదే వర్క్‌షాప్‌లో టెక్నీషియన్. మనవడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. కొడుకు సహోద్యోగి అయిన బెంగాలీ మిత్రుడు శ్రోతగా వచ్చి మధ్యమధ్య వాదిగా మారుతుంటాడు. ఇలాంటి కుటుంబాలు నీంపురాలోనూ, మథురాకాఠీలోనూ వీధి వీధినా కనిపిస్తాయి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షన్‌ను, వర్క్‌షాప్‌ను నెలకొల్పినప్పటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల మనుషులు కొలిమి పనికీ, ఫిట్టింగ్ పనికీ, పట్టాల పనికీ తరలివచ్చారు. ఆ రైల్వే కార్మికుల సంఘానికి 1920లలో నాయకత్వం వహించి సమ్మె నడిపినవాడు బరంపురం తెలుగువాడు వి.వి.గిరి. 1974 మే నెలలో దేశమంతటా రైల్వే సమ్మె జరిగి, దాన్ని ప్రభుత్వం ఉక్కుపాదంతో అణచివేసిన నాటికి రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది కూడా ఆయనే. పెద్దాయన తరం ఈ విడ్డూరాన్ని నేటికీ మరిచిపోలేదు.

అందుకేనేమో, ఆయన ఓటు ఎప్పుడూ అరగుండుకే. 1987లో జంధ్యాల తీసిన ‘అహ నా పెళ్లంట’లో కోట శ్రీనివాసరావు పరమ లోభి. తాడుకు కోడిని వేలాడదీసి, దానివంక చూస్తూ వట్టి అన్నం తినే లక్ష్మీపతి. అతని కొలువులో చిక్కుకుని, యజమానిని శపిస్తూనే అతని పనులు చేసిపెట్టే నౌకరు అరగుండు. బ్రహ్మానందానికి పేరు తెచ్చిన పాత్ర అది. పెద్దాయనకు అందులో కనిపించేది హాస్యం మాత్రమే కాదు.

“పిసినారి కాడ పని సేత్తన్నోడికి తిట్టుకునే హక్కయినా ఉండొద్దేటి?” అంటారాయన. యూనియన్ సభల్లో కూర్చుని కూర్చుని పదునెక్కిన వాక్యమది. ఛార్జ్‌మన్ ముందు తల వంచి, అతడు అటు తిరగగానే గొణుక్కోవడం ఎలాంటిదో కార్ఖానాలో పనిచేసినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

కొడుకుది మధ్యేమార్గం. 1993 నాటి ‘మనీ’లో సినిమా పిచ్చి పట్టిన రౌడీ ఖాన్ దాదా ఒక ఎత్తు, 2010 నాటి ‘అదుర్స్’లో భట్టు ఒక ఎత్తు అని ఇద్దరికీ చెరిసగం మార్కులు వేస్తాడు. గట్టిగా నిలదీస్తే భట్టు వైపే మొగ్గుతాడు. పురోహితుల నోట ఒదిగిపోయే సంస్కృత సమాసాలు చిరాకులోనూ, అసూయలోనూ ఎలా బయటికి దూకుతాయో ఆ పాత్రలో చూడాలన్నది అతని వాదన. వీడియో క్యాసెట్లు విశాఖ నుంచి చేతి సంచుల్లో వచ్చిన కాలంలో పెరిగినవాడు. తెలుగు చదవడం వచ్చీరానట్టు వచ్చినా వినికిడి మాత్రం చురుకు.

మనవడికి ఈ రెండూ ఆనవు. అతని దృష్టిలో కిల్ బిల్ పాండేకు సాటి లేదు. 2014లో వచ్చిన ‘రేసుగుర్రం’ను అతడు చూసింది తెలుగులో కాదు, ‘మైఁ హూఁ లక్కీ ది రేసర్’ పేరుతో వచ్చిన హిందీ అనువాదంలో. ఆ సినిమాలో రాజకీయ ప్రతినాయకుడిగా నటించిన రవికిషన్ 2019లో గోరఖ్‌పూర్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. రాజకీయ చర్చ ఎంత తరిమినా ఈ బల్లను వదలదన్నమాట. ఆ మాటకొస్తే లక్ష్మీపతి కూడా 1999లో విజయవాడ తూర్పు నుంచి బీజేపీ శాసనసభ్యుడయ్యాడు. అదే సభలో బాబూమోహన్ తెలుగుదేశం సభ్యుడు, ఆపై మంత్రి కూడా. హాస్యం పండించినవారిని శాసనసభకు పంపిన తెలుగువారు ఖరగ్‌పూర్‌లో కథానాయకుడి వెంట నడవడం బెంగాలీ ప్రభావమేనని కొడుకు చమత్కరిస్తాడు.

మనవడి ఎంపికను పెద్దాయన తేలిగ్గా కొట్టిపారేస్తారు. అది న్యాయం కాదు. ఆ పాత్రలో బ్రహ్మానందం ముఖం చేసే పని అసాధారణం. అవమానం, అది అవమానమని ఆలస్యంగా గ్రహించడం, గ్రహించనట్టు నటించడం అన్నీ ఒకదాని వెనుక ఒకటి ఆ ముఖంపై నడిచిపోతాయి. ఆ ముఖానికి ఇవాళ దేశమంతటా లభించిన వ్యాప్తి సామాన్యమైనది కాదు. బడ్జెట్ రోజున, ఓట్ల లెక్కింపు రోజున, పార్టీ ఫిరాయింపుల రోజున తెలుగు ఒక్క ముక్క తెలియనివారు కూడా ఫోన్లలో ఒకరికొకరు పంపుకునేది ఆయన బొమ్మనే. బెంగాలీ మిత్రుడికీ ఆయన అలాగే పరిచయం. పేరు తెలియక ముందే ముఖం తెలుసు.

అయితే ఈ వ్యాప్తిలో ఒక విచిత్రముంది. మాటతో పని లేకుండా దేశమంతా తిరుగుతున్న ఆ ముఖం ఒక తెలుగు అధ్యాపకుడిది. సినిమాల్లోకి రాక ముందు బ్రహ్మానందం అత్తిలి కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పారు. ఏ అక్షరాన్ని ఒత్తాలో, ఏ మాటను మింగాలో, దీర్ఘాన్ని ఎంత సాగదీస్తే వెటకారమవుతుందో తెలిసిన మనిషి. హిందీ అనువాదంలో ఆ గొంతు ఉండదు. కాబట్టి తాత, మనవడు ఒకే నటుడిని అభిమానిస్తున్నారనడం సగం నిజమే. తాత అభిమానించేది మాటను. మనవడు అభిమానించేది ముఖాన్ని. ఒకే సోఫాలో కూర్చుని ఒకే సన్నివేశానికి ఇద్దరూ నవ్వుతారు. నవ్వు మొదలయ్యే చోటు మాత్రం వేరు.

ఆ మధ్య ఒక సాయంకాలం బెంగాలీ మిత్రుడు భాను బందోపాధ్యాయ ప్రస్తావన తెచ్చాడు. ఢాకా ప్రాంతం నుంచి వచ్చి, తూర్పు బెంగాల్ యాసనే తన ఆస్తిగా చేసుకున్న హాస్యనటుడాయన. ఉత్తమ్ కుమార్, సుచిత్రా సేన్ తొలిసారి జంటగా నటించిన 1953 నాటి ‘షాడే చుయాత్తర్’లో ఆయన పలికిన యాసను బెంగాలీలు ఇప్పటికీ అనుకరిస్తారు. దేశ విభజనలో సర్వం పోగొట్టుకుని కలకత్తా చేరిన కాందిశీకులకు వెండితెర మీద తమ ఊరి మాట వినబడటమే గొప్ప ఊరట. “మా తాత ఆయన సినిమాకు వెళ్లేది నవ్వడానికి కాదు, ఊరికి వెళ్లి రావడానికి” అన్నాడు మిత్రుడు.

పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్న మాట ఒక్కటే. “మా యాస పలికినోణ్ని మావోళ్లు ఏటి సేసినారో తెలుసా బాబూ? గుమ్మం కాడ నిలబెట్టినారు.”

ఇది కాదనలేని ఫిర్యాదు. ఉత్తరాంధ్ర యాసను తెలుగు సినిమా చాలాకాలం పనివాళ్లకు, అమాయకులకు అప్పగించింది. తెలంగాణ యాసకూ అదే గతి పట్టింది. 1985 నాటి ‘ప్రతిఘటన’లో కోట చేతిలో అది దుర్మార్గుడైన నాయకుడి భాష అయింది. ఆ అవమానం తెలంగాణ ఉద్యమ వాదనల్లో ఒకటిగా నిలిచింది. రాష్ట్రం వచ్చాక ‘ఫిదా’, ‘బలగం’ వంటి చిత్రాలు ఆ యాసను ఇంటి నడిమధ్య కూర్చోబెట్టాయి. ‘పలాస 1978’ సిక్కోలు యాసకు కొంత చోటిచ్చింది. ఖరగ్‌పూర్ పెద్దాయనకు అది ఆలస్యంగా అందిన బాకీ. ఆయన పలికే సిక్కోలు మాట ఆయన తాత రైలెక్కిన నాటిది. సొంత ఊళ్లో కూడా కొన్ని పదాలు ఇప్పుడు వినబడవు. మనవడి తరంతో అవి ఇక్కడా ఆగిపోతాయి.

ఎన్నికలకు నెలల ముందు, 2020 డిసెంబరులో, మమతా బెనర్జీ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా హోదా ఇవ్వాలని నిర్ణయించింది. ఆ నిర్ణయం వెనుక ఓట్ల లెక్క ఉందని అందరికీ తెలుసు. ఉన్నా తప్పు లేదు. లెక్కలోకి రాని భాషను ఏ ప్రభుత్వమూ పట్టించుకోదు. కానీ దరఖాస్తు తెలుగులో రాసుకోవచ్చని ప్రభుత్వం చెప్పగలదు, రాయడం వచ్చినవాళ్లను ఇంట్లో తయారు చేయలేదు. మనవడు బడిలో బెంగాలీ, హిందీ, ఇంగ్లిష్ చదివాడు. మూడు భాషలు మోసిన పిల్లవాణ్ని నాలుగోదాని కోసం నిందించడం పెద్దాయనకూ ఇష్టం లేదు. వాడి కడుపు నింపేది ఏదో ఆయనకు తెలుసు.

మొన్నటి వాదనను ఓటింగుతో తేల్చాలని మనవడే ప్రతిపాదించాడు. ఫోన్‌లో పాత్రల పేర్లన్నీ వరుసగా ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేశాడు. కిల్ బిల్ పాండే, ‘దూకుడు’లో పద్మశ్రీ, ‘మన్మథుడు’లో లవంగం, ఖాన్ దాదా, భట్టు. తాత కోసం చివర అరగుండు. చదివి వినిపించమని ఫోన్‌ను బెంగాలీ మిత్రుడి చేతికిచ్చాడు. అతడు చివరి పేరు దగ్గర ఆగి, కూడబలుక్కుని, “ఆరా గుండా” అన్నాడు. ఏ పార్టీ గూండా అని కూడా అడిగాడు.

పెద్దాయన టీ గ్లాసు బల్ల మీద పెట్టి, పొలమారేదాకా నవ్వారు. కళ్లు తుడుచుకుని, మనవడి తలపై సగానికి చేత్తో గీత గీసి చూపించారు.

“గూండా కాదురా. గుండు. అర. గుండు. ఏదీ, నువ్వను?”