నక్షత్ర నౌక, గని కార్మికుడు

అభ్యుదయ సాహిత్యాన్ని చర్చించే పత్రికలో ఒక అమెరికన్ టెలివిజన్ సీరియల్‌కు చోటేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. అయితే మన విద్యార్థులు రేపటి లోకాన్ని ఎట్లా ఊహించుకుంటున్నారో తెలియాలంటే వాళ్లు చదివే పుస్తకాలు చూస్తే చాలదు, వాళ్లు చూసే బొమ్మలు కూడా చూడాలి. పుస్తకం పదిమందిని కదిలిస్తే తెర లక్షమందిని కదిలిస్తుంది. కదిలించి ఎటు తీసుకుపోతుందన్నదే విమర్శకుడు తేల్చవలసిన విషయం.

నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పినవాణ్ణి. ‘స్టార్ ట్రెక్’ అనే ఆ సీరియల్‌ను మొదట 1980లలో దూరదర్శన్‌లో చూశాను. ఇప్పుడు మా ఊళ్లో అధ్యయన తరగతులకు వచ్చే కుర్రవాళ్లు దాన్ని ఫోన్లలో చూస్తున్నారు. ఆ మధ్య ఒక చర్చలో ఇంజనీరింగు చదివే విద్యార్థి ఒకతను లేచి, “సార్, ఆ కథల్లో భూమ్మీద పేదరికం లేదు, ఆకలి లేదు, జాతి ద్వేషం లేదు. యంత్రం అంత ఎదిగితే ఇవన్నీ వాటంతటవే పోతాయి గదా! ఇక సంఘాలూ సమ్మెలూ దేనికి?” అని అడిగాడు. ఎగతాళికి అడగలేదు, తెలుసుకోవాలనే అడిగాడు. ఈ వ్యాసం అతనికి నేను చెప్పిన జవాబే, కాస్త విస్తరించి.

జీన్ రాడెన్‌బెరీ సృష్టించిన ఈ సీరియల్‌ను అమెరికాలో ఎన్‌బిసి సంస్థ 1966 సెప్టెంబరు 8న ప్రసారం చేయడం మొదలుపెట్టింది. 79 కథలు నడిచి 1969 జూన్ 3న ఆగిపోయింది. ఆ మూడేళ్లలో ఆ దేశం ఏ స్థితిలో ఉందో గుర్తు చేసుకోవాలి. వియత్నాం మీద బాంబులు కురుస్తున్నాయి. తెల్లవారికీ నల్లవారికీ మధ్య పెళ్లిని నిషేధించే రాష్ట్ర చట్టాలు చెల్లవని అక్కడి సుప్రీంకోర్టు 1967 జూన్ 12న గాని చెప్పలేదు. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారు. అటువంటి రోజుల్లో ఈ సీరియల్, ‘ఎంటర్‌ప్రైజ్’ అనే నక్షత్ర నౌకను నడిపే గదిలో ఒక నల్లజాతి స్త్రీని అధికారిగా కూర్చోబెట్టింది. ఆమెతో పాటు జపాను సంతతివాణ్ణి, రెండో ఏడాది నుంచి ఒక రష్యన్ యువకుణ్ణి కూర్చోబెట్టింది. అప్పటికి హిరోషిమా మీద బాంబు పడి పాతికేళ్లయినా కాలేదు. సోవియట్ యూనియన్‌తో ప్రచ్ఛన్న యుద్ధం ఇంకా నడుస్తున్నది.

సులూ పాత్ర వేసిన జార్జ్ టకేయ్ చిన్నతనంలో తల్లిదండ్రులతో పాటు అమెరికా నిర్బంధ శిబిరాల్లో ఉండి వచ్చినవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను సంతతి కుటుంబాలను ఆ ప్రభుత్వం అట్లా ముళ్లకంచెల వెనక పెట్టింది. ఉహూరా పాత్ర వేసిన నిషెల్ నికోల్స్ మొదటి ఏడాది తర్వాత మానేద్దామనుకుంటే, మానవద్దని మార్టిన్ లూథర్ కింగే తనకు నచ్చజెప్పాడని ఆమె చెప్పుకుంది. 1977లో నాసా సంస్థ స్త్రీలనూ నల్లజాతివారినీ వ్యోమగాములుగా చేరమని పిలవడానికి ఆమె సహాయమే తీసుకుంది. 1992లో అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి నల్లజాతి స్త్రీ మే జెమిసన్, చిన్ననాడు ఉహూరాను చూసి స్ఫూర్తి పొందానని చెప్పింది. బొమ్మకు బలం లేదనేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

బలహీనతలూ లేకపోలేదు. మొదట తీసిన నమూనా కథలో ఓడకు రెండో అధికారి ఒక స్త్రీ. రెండో నమూనా వచ్చేసరికి ఆ పాత్రే లేదు. ఇక మన దేశస్థుడి సంగతి. నౌక నడిపే గదిలో అతనికి స్థిరమైన చోటు లేదు గాని, 1967 ఫిబ్రవరి 16న వచ్చిన కథలో ఖాన్ నూనియన్ సింగ్ అనే నియంత ఉన్నాడు. మేలుజాతి మనుషులను పుట్టించే ప్రయోగంలో పుట్టి, భూగోళంలో నాలుగోవంతును ఏలిన ఈ మనిషి బహుశా ఉత్తర భారతదేశపు సిక్కు అని కథలో చెప్పించారు. వేషం వేసినవాడు మెక్సికన్ నటుడు.

ఇవన్నీ పాత్రల ఎంపికకు సంబంధించిన మంచిచెడ్డలు. అసలు ప్రశ్న ఇంకా లోతులో ఉంది. ఇరవైమూడో శతాబ్దపు భూమి సుఖంగా ఉందంటారు, సరే. ఎట్లా సుఖపడింది? భూములు ఎవరివయ్యాయి? కర్మాగారాలు ఎవరివయ్యాయి? వాటిని పట్టుకు కూర్చున్నవాళ్లు మర్యాదగా లేచి వెళ్లిపోయారా? ఈ ప్రశ్నల దగ్గర సీరియల్ నోరు విప్పదు. ఆ శతాబ్దంలో డబ్బు వాడకం లేదని 1986లో వచ్చిన సినిమాలో కెప్టెన్ కిర్క్ చేత ఒక ముక్క చెప్పించారు. ఎవరు రద్దు చేశారో, ఎవరు అడ్డుపడ్డారో చెప్పలేదు. చేరిన ఊరు చూపించారు, నడిచిన దారి చూపించలేదు.

కాని ఎంత దాచినా ఒకచోట దారి బయటపడుతుంది. ఏ ఓడకైనా ఖనిజం కావాలి. ఖనిజం కోసం ఎంటర్‌ప్రైజ్ కిందికి దిగినప్పుడల్లా మనకు గని కార్మికుడు కనిపిస్తాడు. ముఖ్యంగా మూడు కథల్లో అతన్ని చూడవచ్చు.

మొదటిది 1966 అక్టోబరు 13న వచ్చింది. నౌకకు శక్తినిచ్చే లిథియం స్ఫటికాలు కాలిపోతాయి. అవి దొరికే గ్రహం మీద ముగ్గురంటే ముగ్గురు గని పనివాళ్లు ఉంటారు. స్ఫటికాలకు బదులుగా వాళ్లు అడిగేది భార్యలను. ఒక దళారి ముగ్గురు స్త్రీలను, మందు మింగించి అందంగా కనిపించేటట్లు చేసి, సరుకులాగా తీసుకుపోతుంటాడు. వెలుగులు చిమ్మే నౌక ఆగిపోయినప్పుడు అడుగున తేలినవి రెండు: గాలిదుమారంలో ఒంటరిగా బతికే పనివాడు, బేరానికి పెట్టిన ఆడది. కథ నవ్వులాటగా సాగినా, ఈ రెండూ సమసిపోయిన లోకం కాదది.

రెండోది 1967 మార్చి 9 నాటి కథ. జీన్ కూన్ రాశాడు. ఒక గనిలో యాభైమందికి పైగా పనివాళ్లను ఏదో వింత ప్రాణి చంపుతుంది. రాతిలాంటి ఆ ప్రాణిని వేటాడబోయి తెలుసుకునేదేమంటే, అది తల్లి. పనికిరాని గుండ్లని పనివాళ్లు పగలగొట్టినవి దాని గుడ్లు. శత్రువనుకున్నది నిజానికి తన నేలను, తన బిడ్డలను కాపాడుకుంటున్న జీవమని, వియత్నాం మీద బాంబులు వేస్తున్న దేశంలో, ఇంటింటి పెట్టెలో చూపించడం చిన్న సంగతి కాదు. అయితే ముగింపు చూడండి. ఆ పిల్లలు పుట్టి సొరంగాలు తవ్వుతాయి, ఖనిజం బయటపడుతుంది, గనివాళ్లు ధనవంతులవుతారు. శాంతి న్యాయం గనక నిలిచిందా, లాభం గనక నిలిచిందా? ఆ రాళ్లలో ఖనిజం లేకుంటే ఆ తల్లి గతేమిటి?

మూడోది నాకు ముఖ్యమైనది. 1969 ఫిబ్రవరి 28న వచ్చిన ‘క్లౌడ్ మైండర్స్’ అనే కథ. ఒక గ్రహం మీద మేఘాలలో తేలే నగరం ఉంటుంది, పేరు స్ట్రాటోస్. అక్కడివాళ్లు శిల్పం, సంగీతం, తత్త్వచర్చ తప్ప మరో పని ఎరగరు. కింద నేల లోపల ట్రోగ్లైట్లనే జనం జీనైట్ అనే ఖనిజం తవ్వుతారు. మరో గ్రహంలో పంటలకు పట్టిన తెగులును ఆపడానికి ఆ ఖనిజం కావాలని ఎంటర్‌ప్రైజ్ వస్తుంది. వీళ్లకు బుద్ధి తక్కువ, వెలుగు వీళ్ల కళ్లకు అలవాటు లేదు, తర్కం వీళ్ల మనసుకు అలవాటు లేదు అన్న ధోరణిలో పాలకుడి కూతురు మాట్లాడుతుంది. తిరగబడిన పనివాళ్ల నాయకురాలు వన్నాను పట్టి పాలకుడు ప్లాసస్ హింస పెడతాడు. చివరకు నౌక డాక్టరు కనిపెట్టేదేమంటే, ముడి జీనైట్ నుంచి వచ్చే కంటికి కనపడని వాయువు వాళ్ల బుద్ధిని మందగింపజేస్తున్నది. ముక్కుకు మాస్కు పెట్టుకుంటే ఆ తేడా పోతుంది.

ఈ కథను నేను మామూలు ప్రేక్షకుడిగా చూడలేకపోయాను. మా నాయన మార్కాపురం వైపు పలకల గనిలో పనిచేసినవాడు. పిల్లలు అ ఆలు దిద్దే పలకలను ఆయన ఉలితో పొరపొరగా చీల్చేవాడు. కూలి తీసుకునేటప్పుడు మాత్రం వేలిముద్ర వేసేవాడు. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా బూడిదరంగు దుమ్ము. ఆ దగ్గు నా చెవుల్లో ఇంకా ఉంది. గని యజమాని దృష్టిలో ఆ జనం మొద్దులు. వాళ్లకు ఎంతిచ్చినా తాగుతారని, చదువు చెప్పినా ఎక్కదని అనేవాడు. ప్లాసస్ మాట్లాడుతుంటే నాకు ఆయన గొంతే వినిపించింది.

అందుకే ఈ కథలో ఒక ఘట్టాన్ని నేను ఎంతో విలువైనదిగా చూస్తాను. కిర్క్ ఆ పాలకుణ్ణి బలవంతాన గనిలోకి రప్పించి, దారి మూసి, తవ్వమంటాడు. కాసేపటికే మేఘాల నగరపు తత్త్వవేత్త పశువులా మీదపడి కొట్లాడతాడు. కిర్క్ గతీ అంతే. వాళ్లిద్దరి ప్రాణాలూ కాపాడడానికి నౌకను పిలిచేది వన్నా! బుద్ధి పుట్టుకతో రాదు, బతుకు పరిస్థితులే దాన్ని పెంచుతాయి లేదా అణుస్తాయి అన్న సత్యాన్ని ఇంతకంటే సూటిగా చెప్పడం కష్టం. కులాన్ని బట్టి తెలివిని కొలిచే మన దేశంలో ఈ ఘట్టాన్ని తరగతి గదుల్లో చూపించాలి.

కాని అక్కడే గోతి కూడా ఉంది. కంటికి కనపడనిది ఇంత హాని చేస్తుందా అని వన్నా సందేహిస్తుంది. భావం కూడా కంటికి కనపడదు, ఒక పొరపాటు భావమే మిమ్మల్ని ఇన్ని శతాబ్దాలు గనుల్లో ఉంచింది అన్న అర్థంలో కిర్క్ జవాబిస్తాడు. మాట చక్కగా ఉంది, సగమే నిజం. భావం ఒక్కటే ఉంచిందా? మరి ఆ హింసాయంత్రం ఎందుకు? కాపలా భటులెందుకు? గని ఎవరి చేతుల్లో ఉంది? మాస్కు పెట్టుకున్న ట్రోగ్లైటు తెలివిగా తవ్వుతాడు. తవ్విన ఖనిజం మాత్రం ఎప్పటిలాగే పైకి పోతుంది. వర్గాల మధ్య అగాధాన్ని ఒక వాయువుగా మార్చి, దానికి మందు కనిపెట్టి, నౌక వెళ్లిపోయింది.

మా నాయన గనిలో ముక్కుగుడ్డలు ఆకాశం నుంచి రాలేదు. ఊళ్లో రాత్రిబడి పెట్టిన ఒక మేష్టరు దగ్గర పదిమంది కూలీలు, గనిలో పారేసిన పగిలిన పలకల మీదనే అక్షరాలు దిద్దుకున్నారు. అక్షరం వచ్చాక చేసిన మొదటి పని మస్టరు చదవడం. చదివితే పని దినాలు తక్కువ రాసి ఉన్నాయి. మూడు రోజులు పని మానేశారు. కూలి లెక్క సరిచేశారు, నీళ్ల కుండలు పెట్టారు, ముక్కుకు కట్టుకోవడానికి గుడ్డలిచ్చారు. అప్పటికే దుమ్ము మా నాయన ఊపిరితిత్తుల్లో చేరింది. అది గుడ్డతో పోయేది కాదు. అయినా వేలిముద్ర వేసే చోట ఆయన సంతకం చేశాడు. ముందు అక్షరం, తర్వాత సంఘం, ఆ తర్వాతే మాస్కు. నేను చూసిన చరిత్రలో వరస అది. సీరియల్ ఈ వరసను తిరగేసింది.

ఆకాశం నుంచి దిగిన కెప్టెన్ మీద ఆధారపడితే ఏమవుతుందో ఈ సీరియల్‌లోనే మరో కథ చెబుతుంది. ఇతర గ్రహాల జీవితంలో జోక్యం చేసుకోరాదన్నది నౌక నియమం. వలస పాలన చవిచూసిన మనకు ముచ్చటగొలిపే నియమం. కాని 1968 ఫిబ్రవరి 2న, వియత్నాంలో టెట్ దాడులు మొదలైన నాలుగో రోజున వచ్చిన కథలో, అవతలి పక్షానికి శత్రువులు తుపాకులిచ్చారు గనక మనమూ కొండజనానికి అన్నే తుపాకులివ్వాలని కిర్క్ నిర్ణయిస్తాడు. దుఃఖంతోనే నిర్ణయిస్తాడు. కాని తుపాకి ఇచ్చినవాడి దుఃఖం గుండు తగిలినవాడికి ఏం ఒరగబెడుతుంది? ఒక గ్రహానికి మాస్కులు తెచ్చిన చెయ్యే మరో గ్రహానికి తుపాకులు తెచ్చింది. ఏది తేవాలో నిర్ణయించింది మాత్రం ఏ గ్రహపు జనమూ కాదు.

ఇది పాత కథ కాదు. 2021 అక్టోబరు 13న, కిర్క్ వేషం వేసిన విలియం షాట్నర్ తన 90వ ఏట నిజంగానే అంతరిక్షపు అంచుదాకా వెళ్లి వచ్చాడు. తీసుకుపోయింది అమెజాన్ అధిపతి జెఫ్ బెజోస్ రాకెట్టు కంపెనీ. బెజోస్ ఈ సీరియల్‌కు వీరాభిమాని. 2016 నాటి సినిమాలో చిన్న వేషం కూడా వేశాడు. ఆయన స్వయంగా 2021 జూలై 20న వెళ్లి వచ్చాక, దీనికంతటికీ డబ్బు కట్టింది మీరేనంటూ అమెజాన్ ఉద్యోగులకూ కొనుగోలుదారులకూ కృతజ్ఞత చెప్పాడు. స్ట్రాటోస్ పాలకుడికి కూడా ఇంత నిజాయితీ లేదు! ఆ మాట నిజమని కింద ఉన్నవాళ్లకూ తెలుసు. 2022 ఏప్రిల్ 1న న్యూయార్కు స్టాటెన్ ఐలండ్ గిడ్డంగి కార్మికులు ఓట్లలో గెలిచి, అమెరికాలో ఆ కంపెనీలో మొట్టమొదటి సంఘాన్ని నిలబెట్టుకున్నారు. ఏ నక్షత్ర నౌకా దిగి వాళ్లకు దాన్ని ఇవ్వలేదు.

ఇంజనీరింగు విద్యార్థికి నేను చెప్పింది ఇదే. యంత్రం శత్రువు కాదు. అంతరిక్ష యాత్ర ధనికుల సరదా మాత్రమే కాదు. గగారిన్ 1961 ఏప్రిల్ 12న భూమి చుట్టూ తిరిగి వచ్చినప్పుడు శ్రమజీవులు అది తమ విజయంగా సంబరపడ్డారు. యంత్రం ఆకలిని పోగొట్టగలదు. పోగొట్టుతుందా లేదా అన్నది యంత్రం ఎవరి చేతిలో ఉందన్న దాన్నిబట్టి ఉంటుంది. ఆ చేయి మారడం వాటంతటదే జరగదు.

కనక ఈ సీరియల్‌ను మనం విసిరిపారెయ్యనక్కరలేదు. ఆకలీ జాతిద్వేషమూ లేని లోకం సాధ్యమేనని కోట్లమంది చేత కలగనిపించిన కథ అది. కలగనడం చేతకాని ఉద్యమం ఎంతో దూరం నడవదు. కాని ఆ కలలో ఒక పెద్ద ఖాళీ ఉంది. నేటి నుంచి ఆ రేపటికి జనం ఎట్లా నడిచారన్న భాగం అందులో లేదు. లాభం కోసం నడిచే టెలివిజన్ సంస్థ దాన్ని రాయిస్తుందని ఆశించడం అవివేకం. మన రచయితలు రాకెట్లనూ గ్రహాలనూ పిల్లల కథలని పక్కన పెట్టకుండా ఆ భాగం రాయాలి. మన ఉపాధ్యాయులు ఆ బొమ్మలు చూపించి, నౌకకు ఖనిజం తవ్విందెవరో తరగతిలో అడగాలి. ఆ ప్రశ్న అడగడం అలవాటైన విద్యార్థి ఏ మేఘాల నగరాన్ని చూసినా ముందు కిందికి చూస్తాడు.