కొత్త ఇంజన్‌కి లాడ్ పనికిరాదట

మా అబ్బా చేతక్ స్కూటర్ కొన్న రోజులు నాకింకా యాదున్నాయి. మొదటి వెయ్యి కిలోమీటర్లు ఎవరినీ 40 దాటనివ్వలేదు. "కొత్త బండి బేటా, చంటిబిడ్డతో సమానం" అనేవారు.

ఈద్‌కి ఇంటికొచ్చిన మా ఆపా కొడుకుతో మాట్లాడేటప్పుడు అబ్బా మాటే నా నోట్లోంచి వచ్చింది. వాడు ఒక ఫ్లయింగ్ స్కూల్లో విమానాల మెకానిక్. వాళ్ల సెస్నా 172కి కొత్త లైకమింగ్ ఇంజన్ బిగించారట.

"మొదట్లో మెల్లగా నడుపుతారు కదా?" అన్నాను.

వాడు నవ్వాడు. "ఉల్టా మామూ! అలాచేస్తే ఇంజన్ బర్బాద్."

సిలిండర్ లోపలి గోడ మీద కావాలనే సన్నగా అడ్డగీతలు పెడతారట. పిస్టన్ రింగులు వాటికి రాసుకుని, అరిగి, గోడకి సరిగ్గా కూర్చోవాలి. అందుకు లోపల గట్టి దబావ్ కావాలి. అందుకే మొదటి నుంచీ 65-75 శాతం పవర్ మీద ఎగరేస్తారు. మెల్లగా తిప్పితే రింగు గోడకి నొక్కుకోదు. ఆయిల్ పొర వేడికి మాడి, గీతల్లో గట్టిపడి, గోడ గాజులా మెరుస్తుంది. దాన్నే గ్లేజింగ్ అంటారు. ఇక ఇంజన్ ఆయిల్ తాగుతూనే ఉంటుంది. సిలిండర్లు ఊడదీసి మళ్లీ గీతలు పెట్టడమొక్కటే ఇలాజ్.

"అంటే వదిలేయడమేనా?"

"తౌబా! కళ్లు సిలిండర్ టెంపరేచర్ మీదే ఉండాలి. నేలమీద ఎక్కువసేపు ఊరికే తిప్పకూడదు, గాలి సరిగా తగలక వేడెక్కిపోద్ది. మామూలుగా మొదటి 50 గంటలు, లేకపోతే ఆయిల్ ఖర్చు నిలకడ అయ్యేదాకా, సాదా మినరల్ ఆయిలే. 25 గంటలకే ఒకసారి మార్చి, ఫిల్టర్ కోసి లోహపు రజను ఉందేమో చూస్తాం."

గుమ్మంలో కూర్చున్న నా కూతురు అందుకుంది. "భాయ్, గ్లేజింగ్ అయ్యిందని విప్పకుండా ఎలా తెలుస్తుంది?"

"ఆయిల్ ఖర్చు తగ్గదు. బోరోస్కోప్ పెట్టి లోపల చూస్తాం."

"తర్వాత కాలంలో దేనికి భయపడాలి?" ఈసారి నేనడిగాను.

"హ్యాంగర్‌లో ఊరికే నిలబెట్టడానికి. లైకమింగ్‌లో క్యామ్‌షాఫ్ట్ పైనుంటుంది. ఆయిల్ కిందికి జారిపోతే దానికి తుప్పు. హిఫాజత్ అనుకుని కిందే స్టార్ట్ చేసి ఆపేస్తారు కొందరు. అది ఇంకా నుక్సాన్. పెట్రోలు మండితే నీరు పుడుతుంది, ఆ కొంచెం వేడికి ఆవిరైపోదు. నెలకోసారైనా గంటసేపు ఎగరాలి, ఆయిల్ 74-93 డిగ్రీల మధ్య ఉండాలి."

నేనిక మాట్లాడలేదు. మా బేటీ ఇంటర్ ఎంపీసీ పాసై రెండేళ్లు. విమానాల మెయింటెనెన్స్ కోర్సు చేస్తానంటోంది. పరాయి ఊరు, హాస్టల్, ఆడపిల్ల అని "ఒక్క సాల్ ఆగు" అంటూ వచ్చాను. పోయినేడాదీ అదే మాట. దాన్ని జాగ్రత్తగా చూసుకుంటున్నాననే అనుకున్నాను. అది మాత్రం ఫ్రిజ్ మీద ఆ ఫారం అలాగే ఉంచింది. నేను దాని మీది దుమ్ము కూడా దులపలేదు.

పొద్దున చాయ్ తాగుతూ అడిగాను. "ఆఖరి తారీఖు ఎప్పుడు?"

ఫారం వైపు చూడకుండానే చెప్పింది.