అప్పు తీరినా తీరని లెక్క

అప్పు తీర్చడం ఒక బాధ్యత. అది తీరిందన్న సంగతి లెక్కల్లో సరిగా నమోదయ్యేలా చూసుకోవడం మరొక బాధ్యత. మొదటిదాని గురించి మన ఇళ్లలో పెద్దలు చెబుతూనే ఉంటారు. రెండవదాని గురించి మాట్లాడేవారు తక్కువ. దివ్య ఖుర్ఆన్‌లో అన్నింటికంటే పొడవైన ఆయత్, అల్ బఖరా సూరాలోని 282వ ఆయత్, అప్పును వ్రాతపూర్వకంగా ఉంచుకోవడం గురించినదే. వ్రాసేవాడు న్యాయంగా వ్రాయాలి, సాక్షులు ఉండాలి, మొత్తం చిన్నదైనా వ్రాయడానికి విసుగు చెందరాదు అన్నది అందులోని బోధనల సారాంశం. ఈ కాలంలో మన అప్పుల చిట్టా వ్రాసేవారు మన కంటికి కనిపించరు. ఆ పని క్రెడిట్ సమాచార సంస్థల కంప్యూటర్లలో జరుగుతున్నది. ఆ చిట్టాను చదవవలసిన అవసరం మా కుటుంబానికి ఎలా కలిగిందో, అందులోని తప్పును ఎలా సరిచేయించుకున్నామో చెబితే సాటి కుటుంబాలకు ఉపయోగపడుతుందని భావిస్తున్నాము.

మాది నిజాంసాగర్. మంజీరా నదిపై 1923లో మొదలై 1931లో పూర్తయిన జలాశయం పేరే మా ఊరికి వచ్చింది. దాన్ని నిర్మించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్‌ను ఇక్కడి పెద్దలు నేటికీ గౌరవంతో తలుచుకుంటారు. జలాశయం పూర్తి నీటిమట్టం 1405 అడుగులు. నీటిమట్టం అంకె నీరు కాదు, నీటిని గురించిన సమాచారం మాత్రమే. అయినా ఆ అంకెను చూసే యాసంగికి కాలువ వదలాలా వద్దా అని నిర్ణయిస్తారు. అంకెను తప్పుగా వ్రాస్తే జలాశయంలో నీరుండి కూడా పొలాలు ఎండుతాయి. క్రెడిట్ స్కోరు కూడా అటువంటిదే. అది మనిషి నిజాయితీ కాదు. కానీ మనల్ని ఎరుగని వారు మన నిజాయితీని ఆ అంకెతోనే కొలుస్తున్నారు.

2015 నాటి కరువు తర్వాత, కాలువ నీటిపై ఆశ సన్నగిల్లిన రోజుల్లో మా అబ్బాజాన్ బోరు, మోటారు కోసం ఒక బ్యాంకులో 1,50,000 రూపాయలు అప్పు తీసుకున్నారు. అప్పుడే చదువు ముగించిన తమ్ముడు జామీను సంతకం చేశాడు. అది వడ్డీతో కూడిన అప్పు. ఆ బాధ అబ్బాజాన్‌ను చివరి వరకూ వదలలేదు. 2022లో ఆయన అల్లాహ్ సన్నిధికి చేరినప్పుడు ఇంకా 62,000 రూపాయలు మిగిలి ఉన్నాయి.

మృతుని అప్పు తీర్చిన తర్వాతనే వారసులు ఆస్తి పంచుకోవాలన్నది ధర్మం. అప్పు మిగిల్చి మరణించిన ఒక వ్యక్తికి జనాజా నమాజు చేయించడానికి దైవప్రవక్త (స) ముందుకు రాలేదని, ఒక సహచరుడు ఆ అప్పుకు తాను పూచీ పడిన తర్వాతనే నమాజు చేయించారని హదీసులలో ఉన్నది. చిన్ననాటి నుండి విన్న ఆ సంఘటన మమ్మల్ని నిద్రపోనీయలేదు. మూడు నెలల్లో డబ్బు సమకూర్చి, బ్యాంకు శాఖలో చెప్పిన మొత్తాన్ని చెప్పినట్లే చెల్లించి రసీదు తీసుకున్నాము. ఆ తర్వాతనే పొలం పంచుకున్నాము.

2024 చివరలో తమ్ముడికి హైదరాబాద్‌లోని ఒక సంస్థలో, లెక్కల విభాగంలో ఉద్యోగం వచ్చింది. చేరడానికి ముందు ఆ సంస్థవారు అతని సమ్మతితో క్రెడిట్ నివేదికను పరిశీలించారు. అతను జామీను ఉన్న అప్పు ఇంకా బకాయిలో ఉన్నట్లు, గడువు దాటి రెండేళ్లు అయినట్లు అందులో ఉన్నది. నెల రోజుల్లో సంజాయిషీ ఇవ్వమని వారు కోరారు. ఈ సంగతి విన్న అమ్మీజాన్ ఉద్యోగం గురించి ఒక్క మాట కూడా అడగలేదు. "అయితే మీ అబ్బాజాన్ అప్పు తీరలేదా బేటా?" అని మాత్రమే అడిగారు.

మేము మొదట నివేదికను తెప్పించుకున్నాము. మన దేశంలో ఇటువంటి సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. 2005 నాటి చట్టం క్రింద, రిజర్వ్ బ్యాంకు పర్యవేక్షణలో ఇవి పనిచేస్తున్నాయి. ఒక్కొక్క సంస్థ ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వవలసి ఉంటుంది. పాన్ నంబరు, మొబైల్ నంబరు ఉంటే వాటి వెబ్‌సైట్ల నుండే పొందవచ్చు. మన నివేదికను మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. స్కోరు 300 నుండి 900 వరకు ఉంటుంది. వాయిదాలు గడువులో కట్టామా, ఉన్న పరిమితిలో ఎంత వాడుకున్నాము, ఎన్నాళ్లుగా అప్పుల చరిత్ర ఉన్నది, కొత్త అప్పుల కోసం ఎన్నిచోట్ల అడిగాము అన్నవే దానికి ఆధారాలు. మతం, కులం, ఆదాయం, పొదుపు ఖాతాలోని నిల్వ ఆ లెక్కలోకి రావు.

నివేదికలో మాకు కనిపించిన బకాయి 1,840 రూపాయలు. మేము అప్పు తీర్చిన తర్వాత ఏవో రుసుముల పేరిట ఆ మొత్తం ఖాతాలో పడింది. దాని గురించి మాకు ఒక్క లేఖ గానీ, ఫోను గానీ రాలేదు. మూసివేయవలసిన ఖాతా తెరిచే ఉన్నది. నెల నెలా బకాయి రోజుల సంఖ్య పెరుగుతూ పోయింది.

రసీదు, మరణ ధ్రువపత్రం తీసుకుని శాఖకు వెళ్లి లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాము. అందినట్లు ముద్ర వేయించుకున్నాము. కొత్తగా వచ్చిన మేనేజరు ఖాతా చూసి, ఆ రుసుమును రద్దుచేసి, బాకీ లేదన్న ధ్రువపత్రం ఇచ్చారు. అంతటితో పని పూర్తికాదు. బ్యాంకు సరిచేసిన వివరాలు పంపనిదే క్రెడిట్ సంస్థ తనంతట తాను ఏదీ మార్చలేదు. అందుకే క్రెడిట్ సంస్థకు కూడా వివాదం నమోదు చేసి, ధ్రువపత్రం జతపరిచాము. ఫిర్యాదును 30 రోజుల్లో పరిష్కరించాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న రిజర్వ్ బ్యాంకు నిబంధన 2024 ఏప్రిల్ నుండి అమలులో ఉన్నది. అప్పటికీ న్యాయం జరగకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. వివరాలకు 14448 నంబరుకు ఫోను చేయవచ్చు. మాకు అంతవరకు వెళ్లవలసిన అవసరం రాలేదు. 26వ రోజున ఆ ఖాతా ఎదురుగా 'క్లోజ్డ్' అన్న మాట కనిపించింది. తమ్ముడు ఆ కాగితాన్ని అచ్చు తీయించి ముందుగా అమ్మీజాన్ చేతిలో పెట్టాడు, ఆ తర్వాతనే సంస్థకు పంపాడు. ఉద్యోగంలో చేరాడు, అల్హమ్దులిల్లాహ్.

ఈ మధ్యలో ఒక వ్యక్తి 5,000 రూపాయలు ఇస్తే వారంలో స్కోరు పెంచుతానని మా వద్దకు వచ్చాడు. సోదర సోదరీమణులు ఈ విషయంలో జాగ్రత్తగా ఉండాలి. నివేదికలోని తప్పును సరిచేయించుకోవడానికి రుసుము అవసరం లేదు. ఉన్న నిజాన్ని తుడిచివేయడం ఎవరి తరమూ కాదు. నిజంగా బకాయి ఉన్నవారికి ఒకే మార్గం ఉన్నది: కట్టడం, ఆపై గడువు తప్పకుండా కడుతూ ఉండటం. నెలలు గడిచేకొద్దీ స్కోరు మెల్లగా కోలుకుంటుంది. కొంత తగ్గించి ఒక్కసారిగా కట్టించుకునే ఒప్పందంలో ఖాతా 'సెటిల్డ్' అని నమోదవుతుంది. ఆ మాటను తర్వాతి బ్యాంకులు మచ్చగానే చూస్తాయి. శక్తి ఉన్నవారు పూర్తిగా కట్టి 'క్లోజ్డ్' అనిపించుకోవడమే మేలు.

రుణమాఫీ పొందిన రైతు కుటుంబాలకు కూడా ఒక మాట. 2024 జూలై 18 నుండి ఆగస్టు 15 వరకు మూడు విడతలుగా మన రాష్ట్రంలో 2 లక్షల రూపాయల వరకు పంట రుణాల మాఫీ జరిగింది. జాబితాలో పేరు వచ్చిందని ఊరుకోరాదు. ఖాతాలో రూపాయి కూడా మిగలలేదని శాఖలో వ్రాయించుకోవాలి.

స్కోరు పెరగడానికి క్రెడిట్ కార్డు తీసుకోండి, చిన్న అప్పు చేసి తీర్చండి అని సలహా ఇచ్చేవారు ఉన్నారు. ఒక అంకె కోసం వడ్డీ ఊబిలోకి దిగడం మాకు సమ్మతం కాదు. ఎన్నడూ అప్పు చేయనివారికి సిబిల్ నివేదికలో '-1' అని ఉంటే అది మచ్చ కాదు, చరిత్ర లేదని మాత్రమే అర్థం. అప్పు ఇవ్వడానికి ఇంత స్కోరు ఉండి తీరాలని రిజర్వ్ బ్యాంకు నిర్ణయించలేదు. మనం కోరవలసింది గొప్ప స్కోరును కాదు, మన గురించి వ్రాసిన సాక్ష్యం సత్యంగా ఉండటాన్ని.

ఇప్పుడు మా ఇంట్లో ఒక నోటు పుస్తకం ఉన్నది. ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరు ఎవరికి జామీను ఉన్నారు, ఏ ఖాతా ఏ తేదీన ముగిసింది, ధ్రువపత్రం ఎక్కడ ఉన్నది అన్నవన్నీ అందులో వ్రాస్తున్నాము. ప్రతి ఏడాది ఒకసారి అందరి నివేదికలు తెప్పించి ఆ పుస్తకంతో సరిచూస్తాము. మీ ఇంటి పెద్దలు క్షేమంగా ఉండగానే, వారి ప్రక్కన కూర్చుని వారి అప్పులను, జామీను సంతకాలను అడిగి వ్రాసుకోండి. వారి తర్వాత ఆ లెక్కకు జవాబు చెప్పవలసిన వారు మీరే.